ఒకే ఓవరీ ఉన్నవారు సంతానం కోసం ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

ఆపరేషన్‌లో ఒక అండాశయం (ఓవరీ) తీసేసిన తర్వాత మన కర్నూలు, అనంతపురం, కడప వైపు ఆడవాళ్లు రెండు రకాలుగా నష్టపోతున్నారు. అనంతపురంలో గైనిక్ వార్డు నర్సుగా పనిచేసిన ఏళ్లలో ఈ రెండూ చూశాను. కొందరు "ఒకటి పోయింది, ఇక మనకు పిల్లల యోగం లేదు" అనుకుని డాక్టర్ దగ్గరికే వెళ్లరు. ముప్పై దాటి, ముప్పై ఐదు దాటి, ఎవరో చెబితే అప్పుడు వస్తారు. ఇంకొందరు భయపడిపోయి, భర్తకు ఒక్క పరీక్ష కూడా చేయించకుండానే పొలం తాకట్టు పెట్టి బెంగళూరుకో హైదరాబాద్‌కో ఐవీఎఫ్ (గుడ్డును బయటికి తీసి ల్యాబ్‌లో పిండం చేసి గర్భసంచిలో పెట్టే వైద్యం) కోసం పరుగెత్తుతారు. మొదటివారు కాలం పోగొట్టుకుంటారు, రెండోవారు డబ్బు పోగొట్టుకుంటారు. వరుసగా ఒక్కొక్క పని చేసుకుంటూ వెళ్తే చాలామందికి ఆ రెండూ మిగులుతాయి. ఆ వరుస చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇది మీ డాక్టర్ మాటకు బదులు కాదు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకు తెలియాలని రాస్తున్నది.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోండి

చాలామంది అనుకునేది ఏమిటంటే, ఒక నెల కుడి ఓవరీ, ఇంకో నెల ఎడమ ఓవరీ వంతులేసుకుని గుడ్డు విడుదల చేస్తాయని, కాబట్టి ఒకటి లేకపోతే అవకాశం సగం అయిపోతుందని. అలా జరగదు. రెండు ఓవరీలు ఉన్నప్పుడు కూడా వంతుల లెక్క ఏమీ లేదు. ఒకటే మిగిలితే మెదడు నుంచి వచ్చే హార్మోన్లు ఆ ఒక్కదాన్నే ప్రేరేపిస్తాయి, అది దాదాపు ప్రతి నెలా గుడ్డు విడుదల చేస్తుంది. అందుకే మీకు నెలసరి మునుపటిలాగే వస్తోంది.

ఇంకో సంగతి. మిగిలిన ఓవరీ కుడివైపు ఉండి, బాగున్న ట్యూబు (గుడ్డును గర్భసంచికి చేర్చే గొట్టం) ఎడమవైపు మాత్రమే ఉన్నా గర్భం రావచ్చు. ట్యూబు చివర వేళ్లలాంటి అంచులు ఉంటాయి. ఓవరీ, ట్యూబు రెండూ గర్భసంచి వెనక దగ్గరదగ్గరగానే ఉంటాయి కాబట్టి అవతలి పక్క ట్యూబు ఇవతలి పక్క గుడ్డును అందుకోగలదు. ఇలా నెల తప్పినవాళ్లు ఉన్నారు, ఇది వైద్యులకు తెలిసిన విషయమే.

మారేది గుడ్ల నిల్వ. ఆడపిల్ల పుట్టేటప్పుడే తన జీవితకాలపు గుడ్లతో పుడుతుంది, కొత్తవి తయారుకావు. ఒక ఓవరీ పోతే దానిలోని నిల్వ కూడా పోయినట్టే. కానీ శరీరం అందులో కొంత సర్దుకుంటుంది. ఒక ఓవరీ ఉన్నవారికి నెలసరి ఆగిపోయే వయసు మిగతావారికంటే సగటున ఒకటి రెండేళ్లు ముందు వస్తుందంతే, పదేళ్లు ముందు కాదు. గుడ్డు నాణ్యత మాత్రం ఓవరీలు ఎన్ని ఉన్నాయన్నదాని మీద కాక ముఖ్యంగా మీ వయసు మీద ఆధారపడి ఉంటుంది. ఇరవై ఏడేళ్ల అమ్మాయికి ఒక్క ఓవరీ ఉన్నా, రెండూ ఉన్న నలభై ఏళ్ల మనిషికంటే అవకాశం ఎక్కువ.

కుడి ఓవరీ ఉంటే మగపిల్లాడు, ఎడమది ఉంటే ఆడపిల్ల అనే మాట కూడా ఎవరైనా అంటే పట్టించుకోకండి. బిడ్డ ఆడో మగో నిర్ణయించేది తండ్రి వీర్యకణం.

మొదటి పని: పాత ఆపరేషన్ కాగితాలు సంపాదించండి

"నాకు ఒక పక్క తీసేసినారు మేడమ్" అని ఓపీలో చెబుతారు. ఆ పక్క తీసేసింది ఏమిటి? ఓవరీ మాత్రమేనా, ట్యూబు మాత్రమేనా, రెండూనా? చాలామందికి తెలియదు. ట్యూబులో గర్భం నిలిచి పగిలినప్పుడు చేసే ఆపరేషన్‌లో ఎక్కువగా ట్యూబు మాత్రమే తీస్తారు, ఓవరీని ఉంచుతారు. తనకు ఓవరీ లేదనుకుని ఏళ్ల తరబడి బాధపడి, కాగితం చూస్తే రెండు ఓవరీలూ ఉన్నవాళ్లు ఉంటారు.

కావలసిన కాగితాలు మూడు. ఒకటి డిశ్చార్జ్ సమ్మరీ. రెండోది ఆపరేషన్ నోట్స్. అందులో డాక్టర్ కడుపులో ఏం చూశారో, మిగిలిన ఓవరీ, రెండో ట్యూబు ఎలా ఉన్నాయో, పేగులు ఎక్కడైనా అతుక్కున్నాయో రాసి ఉంటుంది. మూడోది బయాప్సీ రిపోర్ట్. కర్నూలు పెద్దాసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో, అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనో చేయించుకుని ఉంటే రికార్డు సెక్షన్‌లో మీ ఐపీ నంబరు (వార్డులో చేరినప్పుడు ఇచ్చిన నంబరు), చేరిన తేదీ చెప్పి అడగండి. నంబరు పోతే తేదీ, పేరు, వార్డు చెప్పి వెతికించండి. ప్రైవేటులో చేయించుకుంటే ఆ ఆసుపత్రికే స్వయంగా వెళ్లి అడగడం మంచిది, ఫోన్లో పని జరగదు. ఈ పనికి రెండు మూడుసార్లు తిరగాల్సి వచ్చినా తిరగండి. తర్వాత చేసే ప్రతి నిర్ణయం ఈ కాగితాల మీదే నిలబడుతుంది.

ఎందుకు తీశారన్నది కూడా అంతే ముఖ్యం. ఓవరీ మెలిపడి తీసి ఉంటే, మిగిలినది సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటుంది. డెర్మాయిడ్ గడ్డ (లోపల కొవ్వు, వెంట్రుకల లాంటివి ఉండే గడ్డ) అయితే, అది రెండో ఓవరీలో కూడా కొందరికి వస్తుంది కాబట్టి స్కానింగ్‌లో దాని కోసం ప్రత్యేకంగా చూడమని చెప్పాలి. చాక్లెట్ సిస్ట్, అంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) అయితే కథ వేరు. ఆ జబ్బు మిగిలిన ఓవరీని, ట్యూబును కూడా దెబ్బతీయగలదు, ఎక్కువ కాలం ఆగకూడదు. బయాప్సీలో టీబీ అని వచ్చి ఉంటే కోర్సు పూర్తిగా వాడారో లేదో డాక్టర్‌కు చెప్పాలి. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి, గర్భసంచి లోపలి పొర పలచబడటానికి టీబీ ఒక పెద్ద కారణం. క్యాన్సర్ అనో, బోర్డర్‌లైన్ (మామూలు గడ్డకూ క్యాన్సర్‌కూ మధ్యది) అనో రాసి ఉంటే, హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టకముందే ఆపరేషన్ చేసిన క్యాన్సర్ డాక్టర్ అనుమతి కాగితం తీసుకోవాలి.

కొందరికి ఆపరేషన్ ఏమీ లేకుండా పుట్టుకతోనే ఒక ఓవరీ ఉండదు. అలాంటివారికి గర్భసంచి ఆకారంలో, కిడ్నీల్లో కూడా తేడా ఉండవచ్చు కాబట్టి ఆ రెండూ స్కానింగ్‌లో చూపించుకోవాలి.

రెండో పని: భర్త పరీక్ష

ఇది మీ పరీక్షలకంటే ముందు రాయడానికి కారణం ఉంది. ఓవరీ ఒకటే ఉందని తెలియగానే ఇంట్లో అందరి వేళ్లూ ఆమె వైపే తిరుగుతాయి. అత్తగారు, ఆడబిడ్డ, చివరికి సొంత జేజి కూడా. మగవాడిలో లోపం ఉండొచ్చని ఎవరూ అనుకోరు. పిల్లలు కలగని జంటల్లో మగవారి వైపు కారణం ఉన్నవి తక్కువేమీ కాదు. వీర్య పరీక్షకు అయ్యే ఖర్చు కొన్ని వందలు. ట్యూబుల ఎక్స్‌రేకంటే, లాపరోస్కోపీకంటే (కడుపు మీద చిన్న కోత పెట్టి కెమెరాతో చూడటం) ఎంతో చవక, నొప్పి లేనిది. అది చేయించకుండా మీ కడుపు మీద ఇంకో కోత పెట్టించుకోకండి.

పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉండాలి. శాంపిల్ ల్యాబ్‌లోనే ఇవ్వడం మేలు. ఇంట్లో తీసుకుంటే గంటలోపు చేరాలి. మన ఎండలకు బైక్ డిక్కీలో పెట్టి తీసుకెళ్తే రిపోర్ట్ తప్పు వస్తుంది, చొక్కా లోపల ఒంటికి ఆనించి తీసుకెళ్లాలి. రిపోర్ట్‌లో మిల్లీలీటరుకు 1.6 కోట్లకు పైగా కణాలు, 42 శాతానికి పైగా కదలిక ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన కనీస హద్దు దాటినట్టు. తక్కువ వస్తే కంగారుపడి ఒక్క రిపోర్ట్‌తో తీర్పు చెప్పుకోకండి, కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించాలి. వీర్యకణం తయారుకావడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. సిగరెట్, గుట్కా మానితే, బట్టీల దగ్గర పనిచేసేవారు వేడికి దూరంగా ఉంటే ఆ తేడా కనబడేది మూడు నెలల తర్వాతే.

మూడో పని: మీ పరీక్షలు

ఏఎంహెచ్ అనే రక్త పరీక్ష గుడ్ల నిల్వను అంచనా వేస్తుంది. నెలసరిలో ఏ రోజైనా ఇవ్వవచ్చు, పరగడుపున ఉండాల్సిన పని లేదు. గర్భం రాకుండా ఉండే మాత్రలు వాడుతుంటే ఫలితం తక్కువగా చూపవచ్చు. ఓవరీ ఆపరేషన్ ఈమధ్యే జరిగి ఉంటే మూడు నెలలైనా ఆగి చేయించండి. కొన్ని ల్యాబులు ఒక కొలతలో, కొన్ని ఇంకో కొలతలో ఇస్తాయి. ఒక నానోగ్రామ్ లెక్కలో 1 అంటే పీకోమోల్ లెక్కలో సుమారు 7. ఇది చూసుకోక ఒక ల్యాబ్‌లో 7, ఇంకో ల్యాబ్‌లో 1 వచ్చిందని ఏడ్చినవాళ్లు ఉన్నారు.

ఒకే ఓవరీ ఉన్నప్పుడు ఏఎంహెచ్ తక్కువగా రావడం సహజం. రిపోర్ట్ మీద అచ్చు వేసే హద్దులు రెండు ఓవరీలు ఉన్నవారి కోసం పెట్టినవి. ఈ సంఖ్య చెప్పేది ఒక్కటే: ఇంజెక్షన్లు ఇస్తే ఎన్ని గుడ్లు రావచ్చు అని. సహజంగా నెల తప్పుతారా లేదా అన్నది అది చెప్పదు. నెలనెలా కావలసింది ఒక్క గుడ్డే. "ఏఎంహెచ్ 0.8 ఉంది, ఇక దాత గుడ్డే దిక్కు" అని మొదటి రోజే, చిన్న వయసు అమ్మాయికి ఎవరైనా చెబితే ఇంకో డాక్టర్‌ను అడగండి.

దీనికి తోడు నెలసరి రెండో రోజో మూడో రోజో కింది నుంచి చేసే స్కానింగ్‌లో ఓవరీలో చిన్న చిన్న గుడ్డు సంచులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. అదే రోజు ఎఫ్ఎస్‌హెచ్, ఎస్ట్రడియోల్ అనే హార్మోన్ల పరీక్షకు రక్తం కూడా ఇస్తే మళ్లీ తిరగాల్సిన పని ఉండదు. బ్లీడింగ్‌లో స్కానింగ్ ఏమిటని సిగ్గుపడకండి, ఆ రోజుల్లో చేస్తేనే లెక్క తెలుస్తుంది. స్కాన్ చేసేవారిని ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఓవరీ తన చోటే ఉందా, పాత ఆపరేషన్ వల్ల పైకి అతుక్కుని ఉందా? రేపు ఐవీఎఫ్ దాకా వెళ్తే సూదితో ఓవరీలోని గుడ్లు తీయడానికి ఇది తెలిసి ఉండాలి.

థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్, హిమోగ్లోబిన్ ఎలాగూ చేస్తారు. మేనరికం చేసుకున్న జంటలైతే ఆ మాట మీరే ముందు చెప్పండి. తలసీమియా పరీక్ష, ఇంట్లో పుట్టుకతో వచ్చే జబ్బులు ఉంటే జన్యు వైద్యుల సలహా ముందే తీసుకోవచ్చు. రుబెల్లా రక్షణ లేకపోతే టీకా వేయించుకుని ఒక నెల ఆగాలి. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఈ రోజు నుంచే మొదలుపెట్టండి, రోజుకు 400 మైక్రోగ్రాములు సాధారణంగా సరిపోతుంది.

చివరగా ట్యూబు పరీక్ష. హెచ్ఎస్‌జీ అంటారు, నెలసరి ఆగాక, గుడ్డు విడుదలకు ముందు, సుమారు ఆరు నుంచి పదో రోజు మధ్య ఎక్స్‌రే గదిలో మందు ఎక్కించి చూస్తారు. నెలసరి నొప్పిలా వస్తుంది, కొందరికి ఎక్కువగా. ముందు వేసుకునే నొప్పి మాత్ర అడగండి. ఒక్క ట్యూబే మిగిలినవారికి ఈ పరీక్షే అసలు దారి నిర్ణయిస్తుంది: ట్యూబు తెరిచి ఉంటే ఇంట్లోనే ప్రయత్నించవచ్చు, మూసుకుపోయి ఉంటే మాత్రలతో, ఐయూఐతో (భర్త వీర్యాన్ని శుభ్రం చేసి గర్భసంచిలోకి ఎక్కించడం) కాలం గడపడం వృథా.

ఎంతకాలం సొంతంగా ప్రయత్నించాలి

మామూలుగా 35 లోపువారికి ఒక సంవత్సరం, 35 దాటితే ఆరు నెలలు, 40 దాటితే వెంటనే డాక్టర్ దగ్గరికి అంటారు. ఒకే ఓవరీ ఉన్నవారికి నా సలహా కొంచెం వేరు. పరీక్షలు మాత్రం ప్రయత్నం మొదలుపెట్టేటప్పుడే చేయించుకోండి, ఏడాది గడిచాక కాదు. వయసు ముప్పై లోపు ఉండి, రిపోర్టులు బాగుంటే ధైర్యంగా ఏడాది ప్రయత్నించవచ్చు. ఏఎంహెచ్ తక్కువ ఉన్నా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా ఆరు నెలలకు మించి ఆగకండి.

గుడ్డు విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, ఇవి గర్భం నిలిచే రోజులు. రోజులు లెక్కపెట్టుకుని టెన్షన్ పడేకంటే నెలసరి ఆగినప్పటి నుంచి రెండు మూడు రోజులకొకసారి కలిస్తే సరిపోతుంది. వయసులో ఉన్న, ఏ లోపమూ లేని జంటకు కూడా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం నాలుగో వంతుకు మించదు. రెండు నెలలు రాకపోతే అది ఓవరీ తప్పు కాదు.

కడప, రాయచోటి, రాజంపేట వైపు చాలా ఇళ్లలో భర్త కువైట్‌లో ఉంటాడు. ఏడాదికో రెండేళ్లకో వచ్చి రెండు నెలలుండి వెళ్తాడు. పెళ్లయి నాలుగేళ్లయినా కలిసి ఉన్నది ఆరు నెలలే కావచ్చు. డాక్టర్‌తో "నాలుగేళ్లయింది" అని చెప్పకండి, కలిసి ఉన్న నెలలు లెక్క చెప్పండి. లేకపోతే మీకు లేని జబ్బుకు వైద్యం మొదలవుతుంది. భర్త సెలవు తేదీలు తెలియగానే, ఆయన రాకముందే మీ రక్తపరీక్షలు, స్కానింగ్, ట్యూబు పరీక్ష పూర్తిచేసి ఉంచుకోండి. వచ్చిన వారంలోనే ఆయన పరీక్ష చేయించండి. వైద్యం అవసరమని తేలితే, వెళ్లేముందు వీర్యం ఫ్రీజ్ చేయించి, సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టి వెళ్లమనండి. ఆ సంతకాలు లేక ఇంకో సెలవు దాకా ఆగిన జంటలు ఉన్నాయి.

మాత్రలు, ఫాలిక్యులర్ స్టడీ, ఐయూఐ

ట్యూబు తెరిచి ఉండి, వీర్యం బాగుండి, గుడ్డు సరిగా విడుదల కానివారికి లెట్రజోల్ మాత్రలు రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టి ఐదు రోజులు ఇస్తారు. మందుల షాపులో "ఇది రొమ్ము క్యాన్సర్ మందు కదా" అని ఎవరైనా అంటే భయపడి ఆపేయకండి. ఆ జబ్బుకూ వాడతారు, గుడ్డు పెరగడానికీ వాడతారు, ఇక్కడ వాడేది ఐదు రోజులే. తొమ్మిది, పదో రోజు నుంచి రోజు విడిచి రోజు స్కాన్ చేసి గుడ్డు సంచి పెరుగుదల చూస్తారు, దీన్నే ఫాలిక్యులర్ స్టడీ అంటారు. 18 నుంచి 20 మిల్లీమీటర్లు వచ్చాక గుడ్డును విడుదల చేయించే ట్రిగ్గర్ ఇంజెక్షన్, సుమారు 36 గంటలకు గుడ్డు విడుదల. వీర్యం కొంచెం తక్కువగా ఉన్నప్పుడు, లేదా ఏ కారణమూ కనబడనప్పుడు ఆ సమయానికి ఐయూఐ చేస్తారు. దీనికి ఊరు దాటి పోవాల్సిన పని లేదు. కర్నూలు ఎన్ఆర్ పేటలోనో, అనంతపురం సాయినగర్‌లోనో, కడపలోనో అయిపోతుంది.

ఎన్నిసార్లు? మూడు, మహా అయితే నాలుగు. ఒకే ఓవరీ ఉన్నవారికి ఎనిమిది పదిసార్లు ఐయూఐ చేయించుకుంటూ రెండేళ్లు గడపడం మంచిది కాదు. ఈ మాట డాక్టర్ చెప్పకపోతే మీరే మొదట్లో అడగండి: "ఎన్నిసార్లు చూసి తర్వాత దారి మారుస్తారు?"

మిగిలిన ఓవరీని కాపాడుకోవడం

దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను. మీ దగ్గర ఉన్నది ఒక్కటే. దాని మీద కత్తి పడే ప్రతి సందర్భంలోనూ గుడ్లు కొన్ని పోతాయి.

స్కానింగ్‌లో మూడు నాలుగు సెంటీమీటర్ల నీటి సిస్ట్ కనబడితే వెంటనే ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. ఇలాంటివి ఎక్కువగా రెండు మూడు నెలసరుల్లో వాటంతటవే పోతాయి. మళ్లీ స్కాన్ చేయించి చూడండి. చాక్లెట్ సిస్ట్ అయినా, పిల్లలు కావాలనుకునేవారికి దాన్ని ఒలిచి తీసేస్తే ఓవరీ నిల్వ పడిపోతుంది. నొప్పి భరించలేకపోతే, గడ్డ అనుమానంగా ఉంటే, ఐవీఎఫ్‌లో గుడ్లు తీసే సూది అందకుండా అడ్డుగా ఉంటే ఆపరేషన్ తప్పదు. ఇవేవీ లేకపోతే ముందు గర్భం సంగతి చూడటమే మేలు. ఆపరేషన్ తప్పనప్పుడు ముందే ఏఎంహెచ్ చేయించండి, గుడ్లో పిండాలో ముందే ఫ్రీజ్ చేసుకోవచ్చా అని అడగండి, సర్జన్‌కు ఇది ఒక్కటే ఓవరీ అని మీ నోటితో చెప్పండి. పీసీఓ (ఓవరీలో చిన్న చిన్న గుడ్డు సంచులు చాలా ఉండి గుడ్డు సరిగా విడుదల కాకపోవడం) ఉన్నవారికి ఓవరీకి రంధ్రాలు వేస్తామంటే, ఒకే ఓవరీ ఉన్నప్పుడు వేరే దారి ఏదీ లేనప్పుడే దానికి ఒప్పుకోవాలి.

ఉన్నట్టుండి పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. ఓవరీ మెలిపడి ఉండవచ్చు. గంటలు గడిచేకొద్దీ రక్తం ఆగి అది పాడవుతుంది. రాత్రయినా, పల్లెలో ఉన్నా 108 పిలిచి పెద్దాసుపత్రికి చేరండి. డ్యూటీ డాక్టర్‌తో మొదటి మాటే "నాకు ఇది ఒక్కటే ఓవరీ" అని చెప్పండి. మెలి విప్పితే నల్లబడినట్టు కనబడిన ఓవరీ కూడా చాలాసార్లు తేరుకుంటుంది, చూడగానే తీసేయాల్సిన పని లేదు. మీతో వచ్చేవారికి, భర్తకో తమ్ముడికో ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ సమయంలో సంతకం పెట్టేది వాళ్లే కావచ్చు.

ఇంకా పెళ్లి కాని అమ్మాయికి ఓవరీ తీసేసి ఉంటే, పెళ్లి ఆలస్యమయ్యేలా ఉంటే, లేదా ఎండోమెట్రియోసిస్ ఉంటే గుడ్లు ఫ్రీజ్ చేసుకోవడం గురించి తల్లిదండ్రులు ఆలోచించాలి. మన చట్టం ప్రకారం వాటిని పదేళ్ల దాకా భద్రపరచవచ్చు. పెళ్లి సంబంధాల్లో బయటపడుతుందని భయపడి ఈ మాటే ఎత్తనివాళ్లు ఎక్కువ. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ గుడ్లు ఆ భయం తీరేదాకా ఆగవు.

ఐవీఎఫ్ దాకా వస్తే

ట్యూబు మూసుకుపోతే, వీర్యం బాగా తక్కువైతే, ఐయూఐ ఫలించకపోతే, వయసు 37, 38 దాటితే ఐవీఎఫ్ గురించి మాట్లాడాలి. సెంటర్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది రిజిస్ట్రేషన్. 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్, ఐయూఐ లాంటి వైద్యాలకు పెట్టిన చట్టం) ప్రకారం ఐవీఎఫ్ చేసే చోటు రెండో స్థాయి క్లినిక్‌గా నమోదై ఉండాలి, ఐయూఐ మాత్రమే చేసేది మొదటి స్థాయి. భార్య వయసు 21 నుంచి 50, భర్త వయసు 21 నుంచి 55 మధ్య ఉండాలి. ఇద్దరి ఆధార్, పెళ్లి ధ్రువపత్రం పట్టుకెళ్లండి. పెళ్లి రిజిస్టర్ కాకపోతే ఇప్పుడే చేయించుకోండి.

తర్వాత ఈ ప్రశ్నలు అడగండి. నా వయసువాళ్లలో, నా అంత ఏఎంహెచ్ ఉన్నవాళ్లలో ఇక్కడ బిడ్డ ఇంటికి వెళ్లినవారు ఎందరు? (పాజిటివ్ వచ్చినవారు ఎందరని కాదు.) ప్యాకేజీలో ఇంజెక్షన్లు ఉన్నాయా, విడిగానా? ఫ్రీజింగ్, తర్వాత పిండం పెట్టడం ఎంత? గుడ్లు రాకపోతే ఎంత డబ్బు వెనక్కి? ఒక సైకిల్‌కు, అంటే ఒక విడత ఐవీఎఫ్‌కు మొత్తం ఖర్చు లక్షన్నర దాటడం మామూలే, నిల్వ తక్కువ ఉన్నవారికి ఇంజెక్షన్లు ఎక్కువ పట్టి ఇంకా పెరుగుతుంది. అందుకే ఒక్క సైకిల్‌కే ఉన్నదంతా పెట్టేయకండి, రెండోదానికి కొంత ఉంచుకుని మొదలుపెట్టండి.

ఒకే ఓవరీ నుంచి గుడ్లు తక్కువ వస్తాయి. పదిహేను ఆశిస్తే ఐదో ఆరో రావచ్చు, కొందరికి రెండు మూడు. అవి ఫలదీకరణం చెంది, ఐదో రోజు దాకా పెరిగే సరికి ఇంకా తగ్గుతాయి. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే గుడ్లు తీసిన రోజు గుండె పగలదు. రోజు డోసు 300 యూనిట్లు దాటించినంత మాత్రాన గుడ్లు పెరగవు, ఖర్చు పెరుగుతుంది. దానికి బదులు రెండు మూడు సైకిళ్లలో వచ్చిన పిండాలను ఫ్రీజ్ చేసి కూడబెట్టడం గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ఓవరీలోకి పీఆర్‌పీ (మీ రక్తం నుంచే వేరుచేసిన ద్రవం) ఎక్కిస్తాం, స్టెమ్ సెల్స్‌తో ఓవరీకి ప్రాణం పోస్తాం అనేవి ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయి. ఉన్న ఒక్క ఓవరీని ప్రయోగానికి ఇవ్వకండి. గుడ్ల కోసమని కొందరు వాడే డీహెచ్ఈఏ కూడా ఒక హార్మోనే, దాన్ని సొంతంగా కొనుక్కుని మింగకూడదు. చెట్టు మందు తాగేవారు కూడా ఇంజెక్షన్ల రోజుల్లో ఆపి, తాగుతున్న సంగతి డాక్టర్‌కు చెప్పాలి. మొక్కులు, పూజలు మీ ఇష్టం. ఇంజెక్షన్లు నడిచే రోజుల్లో కటిక ఉపవాసాలు మాత్రం వద్దు.

దాత గుడ్డు దాకా వస్తే, చట్టం ప్రకారం దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, ఆమె జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. మీకు తెలియకుండా, మీ ఇద్దరి సంతకం లేకుండా దాత గుడ్డు వాడటం నేరం. ఒప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు, కాదనడానికీ లేదు. మీ ఇద్దరి మనసు కుదిరినప్పుడే.

ప్రయాణం, ఇంజెక్షన్లు

సొంత ఊరికి దగ్గర్లో మంచి సెంటర్ ఉంటే అదే మేలు. లేకపోతే అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ సుమారు 210 కిలోమీటర్లు, కడప వాళ్లకు తిరుపతి 140 దాకా. ఇంజెక్షన్లు ఎనిమిది నుంచి పన్నెండు రోజులు. మొదటి స్కాన్లు మీ ఊళ్లో చేయించి రిపోర్టు వాట్సాప్‌లో పంపడానికి సెంటర్ ఒప్పుకుంటుందేమో అడగండి. చివరి నాలుగైదు రోజులు మాత్రం అక్కడే బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో ఉండండి. ట్రిగ్గర్ ఇంజెక్షన్ రాత్రి పదిన్నరకు అంటే పదిన్నరకే వేయాలి. 34 నుంచి 36 గంటలకు గుడ్లు తీయాలి. ఆ రోజు ఉదయం బస్సు లేటైతే చేసిందంతా పోతుంది.

మన సీమ ఎండలకు ఇంజెక్షన్లు పాడవడం సులభం. పెట్టె మీద 2 నుంచి 8 డిగ్రీలు అని ఉంటే ఫ్రిజ్ మధ్య అరలో పెట్టాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు, గడ్డకడితే పనికిరావు. 25 డిగ్రీల లోపు అని రాసినవి కూడా ఏప్రిల్, మే నెలల్లో బయట పెట్టకూడదు. మన ఇళ్లలో అప్పుడు నలభై దాటుతుంది. ప్రయాణంలో ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో, ఐస్‌కు నేరుగా తగలకుండా టవల్ చుట్టి పట్టుకెళ్లండి. కరెంటు పోయే ఊరైతే దగ్గర్లోని మందుల షాపు ఫ్రిజ్‌లో ఉంచమని అడగండి, ఎవరూ కాదనరు. ఏ రోజు ఎంత డోసు, ఎన్ని గంటలకు వేశారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి.

గుడ్లు తీసేటప్పుడు మత్తు ఇస్తారు, అరగంట లోపు పని, సాయంత్రానికి ఇంటికి. పిండం పెట్టాక మంచం దిగకుండా పడుకోవాల్సిన పని లేదు. నడవడం, తేలిక పని చేసుకోవడం వల్ల పిండం జారిపోదు.

నెల తప్పాక

ఇంట్లో సంబరం మొదలయ్యేముందు ఒక స్కాన్ ఉంది. ఆరు, ఏడు వారాల మధ్య గర్భం గర్భసంచిలోనే ఉందా, ట్యూబులో ఉందా అని చూడాలి. ముందు ఒకసారి ట్యూబులో గర్భం వచ్చినవారికి ఇది తప్పనిసరి. కడుపునొప్పి, బ్లీడింగ్, కళ్లు తిరగడం ఉంటే ఆ తేదీ దాకా ఆగవద్దు.

సహజంగానో, మాత్రలతోనో గర్భం వచ్చినవారికి గుడ్డు విడుదలైన చోట ఓవరీలో ఒక చిన్న సిస్ట్ లాంటిది ఉంటుంది. అదే మొదటి వారాల్లో గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ ఇస్తుంది. కొత్త చోట స్కాన్ చేసినవారు "ఓవరీలో సిస్ట్ ఉంది" అని రాస్తే బెదిరిపోకండి, ఎనిమిది పది వారాల లోపు దాన్ని ముట్టుకోకూడదు. ఫ్రీజ్ చేసిన పిండం హార్మోన్ మాత్రల మీద పెట్టించుకున్నవారికైతే ఆ సిస్ట్ ఉండదు, ప్రొజెస్టిరాన్ బయటి నుంచే అందాలి. ఎవరో "ఇన్ని మందులెందుకు" అన్నారని పది, పన్నెండు వారాల లోపు మానేయకండి, డాక్టర్ చెప్పిన రోజునే ఆపండి. కాన్పు ఎక్కడ చేయించుకున్నా, సిజేరియన్ అయితే మరీ ముఖ్యంగా, కేస్ షీట్ మొదటి పేజీలో ఒకే ఓవరీ అని ఎర్ర పెన్నుతో రాయించండి.